నున్నని గీత

మేస్త్రి స్క్రాపరును ఏటవాలుగా పట్టుకుని రెండు చేతులతో నొక్కి తోశాడు. పాత పసుపు రంగు ఎండిన బెరడులా పెళుసుగా లేచి వచ్చింది. ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని అంచు చూశాడు. ఒకదాని మీద ఒకటిగా ఆరేడు పూతలు. వాటి మధ్య దుమ్ము, చీపురు పుల్ల, ఒకచోట చచ్చిన చీమ.

"ఎవడండీ బాబూ ఈ మహానుభావుడు? ఊడవకుండానే రంగు పూశాడు!"

"ఒకడైతే తిట్టుకోవచ్చు మేస్త్రీ," అంది బకెట్టుతో వచ్చిన ఆయా. "ఏడాదికొకడు వచ్చాడు. వచ్చినవాడల్లా పాతదాని మీదే పూసి చక్కాపోయాడు."

"బొట్లు కూడా తుడవలేదక్కా. ఇక్కడ చూడు, మెట్ల దగ్గర ఎంతెంత బొడిపెలో! డబ్బా ఒలికినట్టుంది."

అది బడి వరండా. సెలవు కావడంతో పిల్లలెవరూ లేరు. ముందు తలుపు దగ్గర మొదలైన పసుపు గీత నీళ్ల కుళాయిల పక్కనుంచి వెళ్లి, మెట్ల దగ్గర ఎడమకు తిరిగి, చివరి గది దాకా సాగుతుంది. చూపు సరిగా లేని పిల్లలకు దారి తెలియడం కోసం ఎప్పుడో వేయించారు. ప్రత్యేక సాయం కావలసిన పిల్లలకు బళ్లలో ఆ సాయం నిజంగా అందుతోందా, స్థానిక శాఖలు తమ వంతు చేస్తున్నాయా అని చూడడానికి పై ప్రభుత్వం నుంచి తనిఖీ రాబోతోంది. కిందటిసారి వచ్చినప్పుడు వరండా నేల ఎగుడుదిగుడుగా ఉందని తప్పుపట్టారు. అందుకే భవనాల విభాగం మేస్త్రిని పిలిచి, పాత రంగు గోరంత కూడా మిగలకూడదని, కొత్త గీత నేలతో సమంగా ఉండాలని చెప్పింది.

ఆ మాట మేస్త్రికి ఎంతో నచ్చింది. పాతదాని మీద పూయడం అతనికి పని కిందే లెక్క కాదు.

ఊళ్లో అతన్ని నూలు మేస్త్రి అంటారు. గీత గీస్తే నూలు పట్టినట్టుంటుందని ఆ పేరు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. సున్నం వేసేవాళ్లకు నిచ్చెన మోస్తూ మొదలుపెట్టి, తలుపుల మీద అంకెలు రాసి, ఆసుపత్రి నేల మీద బాణాలు వేసి, ఆటస్థలాల్లో గీతలు గీసి, చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాడు. రంగు ఆరీ ఆరకముందే అంచుకు అంటించిన టేపు లాగెయ్యాలి. ఆరాక లాగితే అంచు పంటితో కొరికినట్టవుతుంది. ఆ క్షణం ఎప్పుడో అతని చిటికెనవేలికి తెలుసు. ఎక్కువ మాట్లాడే పనివాడిని చూస్తే అతనికి అనుమానం. "వాడి పని చూడండి, తర్వాత వాడి మాట వినండి," అనేవాడు.

ఇంట్లో బట్టలు కుట్టే అతని భార్యకు మాత్రం ఈ పేరు ప్రఖ్యాతులు పట్టవు. "ఊరందరి నేలా అద్దం చేస్తావు. మన వంటింటి గోడ పాము కుబుసం విడిచినట్టుంది. అదెప్పుడు చూస్తావయ్యా?" అని ఆ ఉదయం కూడా అంది.

సాయంత్రానికల్లా నేల శుభ్రమైంది. ఉప్పు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, టేపు అంటించి పలచగా రెండు పూతలు వేశాడు. మర్నాడు ఆరిన గీత మీద అరచేయి ఆనించి చూశాడు. నేల ఎక్కడ అయిపోయిందో గీత ఎక్కడ మొదలైందో చేతికి తెలియలేదు. తన జన్మలో ఇంత నున్నని గీత వేయలేదనుకున్నాడు.

బడి తెరిచిన రోజు అతను గుమ్మాలకు రంగు వేస్తున్నాడు. పిల్లలు గుడ్డ బూట్లతో బిలబిలమని లోపలికి పరిగెత్తారు. వాళ్ల వెనక ఆయా మేనకోడలు వచ్చింది. ఎనిమిదేళ్లది. తల్లిలేని పిల్ల కావడంతో ఆయానే పెంచుతోంది, గువ్వ అని పిలుచుకుంటుంది. గువ్వకు వెలుగూ నీడా తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. అయినా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ గీత వెంట తన గదికి తనే వెళుతుందని బడిలో అందరూ గొప్పగా చెప్పుకుంటారు.

గువ్వ తలుపు దాటి ఆగింది. కుడికాలు పక్కకు జరిపింది. మళ్లీ ఎడమకాలు.

"గీత ఏది?"

"నీ కాళ్ల కిందే ఉందమ్మా," అన్నాడు మేస్త్రి నవ్వుతూ.

"లేదు."

"అయ్యో, ఉందమ్మా! కొత్తది. మునుపటికన్నా బాగా కనిపిస్తుంది."

గువ్వ నాలుగడుగులు వేసింది. కుళాయిల గట్టు మోకాలికి తగిలింది. పక్కకు తిరిగి నడిచి, చీపుర్లు పెట్టే గదిలోకి వెళ్లిపోయింది. లోపల బకెట్టు దొర్లిన చప్పుడైంది. ఆయా పరుగున వెళ్లి బయటికి తెచ్చింది. పిల్ల ఏడవలేదు, కానీ ముఖం ఎర్రబడింది.

"గీత పోయిందత్తా."

మేస్త్రికి ఏమీ అర్థం కాలేదు. కళ్లెదుట పసుపుగా మెరిసిపోతున్న గీతను పోయిందంటే ఏమనాలి? ప్రత్యేక సాయం పిల్లలను చూసుకునే తోడు టీచరు వచ్చి, రంగు పలచనైందేమో అంది. మేస్త్రి పాత పెచ్చు ఒకటి తెచ్చి కొత్త గీత పక్కన పెట్టాడు. రెండూ ఒకటే పసుపు. వెలుతురు చాలడం లేదేమోనని దీపాలన్నీ వేశారు. గువ్వను మళ్లీ నడవమన్నారు. ఈసారి గోడ తగిలింది.

"చూపు ఇంకా తగ్గిందేమో," అంది తోడు టీచరు గొంతు తగ్గించి.

ఆయా బకెట్టు కింద పెట్టేసింది. "నిన్న పొద్దున ఇంట్లో సూది పడిపోతే చప్పుడుబట్టి ఎక్కడుందో చెప్పింది కదమ్మా, ఇంతలో ఏమైంది దీనికి?"

"సూదికీ చూపుకూ ఏం సంబంధం, ఆయా!"

"ఏమో తల్లీ, నాకేం తోచడం లేదు."

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారిణి వచ్చింది. నెమ్మదైన మనిషి. ఎవరినీ కసరలేదు. గువ్వ నడక చూసింది, గోడ తగలడం చూసింది, రాసుకుంది. పెద్ద టీచరమ్మ దగ్గరికి వచ్చి, "ఈ పిల్ల సొంతంగా గదికి వెళుతుందని మీరు తెలిపారు. నేను చూసింది వేరు. రేపు పొద్దున మరోసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే, ఈ బడి ఈ పిల్లకు కావలసిన సాయం ఇవ్వలేకపోతోందనే రాయాలి," అంది.

ఆమె అటు వెళ్లగానే పెద్ద టీచరమ్మ ఆయాను పక్కకు పిలిచింది. "ఆ మాట నివేదికలో పడితే స్థానిక కార్యాలయం వాళ్లు ఊరుకోరు. గువ్వను వేరే ఊళ్లో ఉన్న వసతి బడికి పంపించేస్తారు. సెలవులకే ఇంటికొస్తుంది."

"నన్నొదిలి అదెలా ఉంటుందమ్మా? దాన్నొదిలి నేనెలా ఉంటాను?"



మధ్యాహ్నం పిల్లలంతా గదుల్లో ఉన్నప్పుడు మేస్త్రి గువ్వ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పిల్ల మీద జాలి ఎంత ఉందో, తన పనిని లేదన్నందుకు ఉక్రోషమూ అంతే ఉంది.

"ఎక్కడ పోయిందో నాకు చూపించమ్మా."

గువ్వ నేల మీద చేయి పెట్టి అటూ ఇటూ రాసింది. "ఇక్కడంతా నేలే ఉంది తాతా. ఇదివరకు ఎత్తుగా గరుగ్గా ఉండేది. కుళాయిల దగ్గర గాటు. మెట్ల దగ్గర మూడు బొడిపెలు. అక్కడ తిరగాలి."

మేస్త్రి ఆమె కాళ్లకేసి చూశాడు. పలచని గుడ్డ బూట్లు.

"మరి పసుపు రంగు?"

"రంగు నాకేం తెలుసు? మీరంతా పసుపు గీత, పసుపు గీత అంటారుగా. నేనూ అదే అన్నాను."

అతను లేచి వెళ్లి, ఇంకా పారెయ్యని గోనెసంచిలోంచి పెద్ద పెచ్చు ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. గువ్వ వేళ్లతో తడిమింది. "ఇదే! దీన్ని ఎవరు పీకేశారు?"

ఆయా మేస్త్రి వైపు చూసింది.

విషయం తెలిశాక దారి సుగమం కావాలి కదా. కాలేదు. "మళ్లీ ఎత్తు పెట్టమంటారా?" అని మేస్త్రి పెద్ద టీచరమ్మను అడిగితే, నేల తన చేతిలో లేదు, భవనాల విభాగాన్ని అడగమంది. అక్కడి సూపర్‌వైజరు ఫోనులో, "సమంగా లేకపోతే నేను ఒప్పుకోను. పిల్ల సంగతి బడుల శాఖది," అన్నాడు. బడుల శాఖలో ఫోను ఎత్తిన మనిషి, చూపుకు సంబంధించినదైతే ఆరోగ్యశాఖ ఒప్పుకోవాలన్నాడు. ఆరోగ్యశాఖలో ఎవరో ఓపిగ్గా అంతా విని, "రంగు పని మాకెందుకు చెప్తున్నారు?" అని అడిగారు.

"అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే, మోసేవాడు లేడు," అంది ఆయా.

మేస్త్రి తిన్నగా తనిఖీ అధికారిణి దగ్గరికే వెళ్లాడు. "అమ్మా, గీత ఎత్తుగా ఉండాలా, సమంగా ఉండాలా?"

"నేను చెప్పకూడదండీ. చేసింది చూడడమే నా పని."

"మరి చెప్పేదెవరమ్మా?"

ఆమె కలం మూత పెట్టింది. "నిజానికి నేను ఇక్కడ తెలుసుకోవలసింది అదే."

మేస్త్రి తల గోక్కుంటూ వచ్చేశాడు. ఎత్తు పెడితే భవనాలవాళ్లు పని ఒప్పుకోరు. పెట్టకపోతే పిల్ల ఊరు దాటుతుంది. రెండోది అతనికి అర్థమైంది, మొదటిది అర్థం కాలేదు. అర్థమైనదాన్ని పట్టుకుని పనిలోకి దిగాడు.

ఇసుక జల్లెడ పట్టి, సన్నది, నడిమిది, ముతకది వేరు చేశాడు. మూడు చెక్క ముక్కల మీద రంగులో కలిపి పూసి, ఎండలో ఆరబెట్టి, గువ్వను ఎక్కి నిలబడమన్నాడు.

"ఇది నేలలాగే ఉంది. ఇది గుచ్చుకుంటోంది. ఈ మధ్యది బాగుంది తాతా, కానీ ఇంకొంచెం ఎత్తు."

"ఎత్తు పెంచితే చిన్నపిల్లలు తట్టుకుని పడతారమ్మా."

"అయితే అంచు ఏటవాలుగా పెట్టు."

మేస్త్రి ఆయా వంక చూశాడు. "నీ మేనకోడలు నాకు పని నేర్పుతోందక్కా."

"నాకు వంట కూడా నేర్పుతుంది. నువ్వూ కాస్త పడు, తెలుస్తుంది."

పిల్లలు ఇళ్లకు వెళ్లాక మొదలుపెట్టాడు. నున్నగా తీయడం అలవాటైన చేయి గరుకును ఒప్పుకోలేదు. తెలియకుండానే కుంచె ఇసుకను పక్కకు నెట్టి సాపు చేసేది. తిట్టుకుని మళ్లీ వేసేవాడు. ఒకచోట ముద్దగా, ఒకచోట పలచగా వస్తే గీకి మళ్లీ పూశాడు. వెనకటివాళ్లు అజాగ్రత్తగా పారబోసిన బొడిపెలను అతను కొలిచి, ఒకే ఎత్తున కూర్చవలసి వచ్చింది. మెట్ల దగ్గర మూడు, కుళాయిల దగ్గర గాటుకు బదులు ఒక అడ్డపట్టీ. అంచులు మాత్రం పాత అలవాటు చొప్పున టేపు వేసి, నూలు పట్టినట్టే లాగాడు. త్వరగా ఆరే రంగు వాడి, పంకాలన్నీ వేసి ఇంటికి వెళ్లాడు.

పొద్దున్నే గువ్వ తలుపు దాటి ఆగింది. తనిఖీ అధికారిణి గోడవారగా నిలబడింది. పక్కన పెద్ద టీచరమ్మ, తోడు టీచరు. ఆయా చీపురు పట్టుకుని ఊడవడం మరచిపోయింది.

గువ్వ కాలు జరిపింది. గరుకు తగిలింది. నడిచింది. కుళాయిల దగ్గర ఆగి పక్కకు ఒదిగింది. మెట్ల దగ్గర బొడిపెల మీద ఎంతోసేపు నిలబడింది. పాదంతో ఒకటికి రెండుసార్లు తడిమింది. మేస్త్రి ఒకడుగు ముందుకు వేశాడు. ఎక్కడ తప్పాను? ఎత్తు చాలలేదా?

"పాతవాటికన్నా దగ్గరదగ్గరగా పెట్టావు తాతా," అని గువ్వ ఎడమకు తిరిగి తన గదిలోకి వెళ్లిపోయింది.

తనిఖీ అధికారిణి రాసుకుంది. "సొంతంగా వెళ్లింది. చూసినదే రాస్తాను," అంది. తర్వాత, "ఇలా చేయమని నిర్ణయించినదెవరు?" అని అడిగింది.

పెద్ద టీచరమ్మ తోడు టీచరును చూసింది. తోడు టీచరు మేస్త్రిని చూసింది. మేస్త్రి ఆలోచించాడు. "ఏమోనమ్మా, ఇప్పటికీ నాకు తెలియడం లేదు. ఎలా ఉండాలో మాత్రం ఆ పిల్లే చెప్పింది."

ఆమె ఆ మాటే రాసుకుని వెళ్లింది.

భవనాల సూపర్‌వైజరు వస్తాడో రాడో, వస్తే ఒప్పుకుంటాడో లేదో ఎవరికీ తెలియదు. పని మాత్రం పూర్తయింది. పెద్ద టీచరమ్మ బూట్లు విప్పి, గీత మీద తలుపు నుంచి చివరి గది దాకా ఒక్కతే నడిచి వచ్చింది. "నేను ఒప్పుకుంటున్నాను మేస్త్రీ. వాళ్లడిగితే నన్ను చూపించండి," అంది.

మేస్త్రి మిగిలిన రంగు డబ్బా, జల్లించిన ఇసుక సంచి, నడిమి నమూనా చెక్క తెచ్చి ఆయాకు అప్పగించాడు. "అరిగితే ఎవరొచ్చి వేసినా ముందు ఈ చెక్క చూపించక్కా. గువ్వ తొక్కి సరే అన్నాకే ఒప్పుకో. తీగ బ్రష్షుతో మాత్రం రుద్దనివ్వకు."

"ఈ ఇసుకలో దుమ్మంతా దూరుతుంది. తోమేదాన్ని నేను కదా, నీకేం!" అంటూ ఆయా డబ్బా అందుకుంది.