ఊరేగింపు నాడు మూసిన గొట్టం

మనిషిని దొంగ అనడానికి ఎంత తక్కువ ఆలోచన సరిపోతుందో నేను కొత్తకోటలో, మా బావ విషయంలో చూశాను. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు.

మా అక్క భర్త అక్కడ ఒక పల్లికాయ సేటు దగ్గర డ్రైవరు. యాభైల చివర సేటు హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన కారు కొన్నాడు. అప్పటి కార్లకు ఇంజను అడుగున, నూనె ఉండే చోటు నుంచి కిందికి ఒక గొట్టం ఉండేది. మండిన వాయువు కొంత పిస్టన్ల పక్కనుంచి లోపలికి జారి, ఆ గొట్టంలోంచి రోడ్డు మీదికి పోయేది. బండి వేగంగా పోతే ఎదురుగాలే దాన్ని లాగేస్తుంది. మెల్లగా నడిస్తే అది పొగై బండి చుట్టూ కమ్ముకుంటుంది.

సేటు బిడ్డ పెండ్లి ఊరేగింపులో కారు డప్పుల వెనక మనుషుల నడకతో పోయింది. పెండ్లికూతురి కాళ్ల కింది నుంచి నీలిపొగ లేచింది. పెండ్లికొడుకు మేనత్త నడిబజారులో నిలబడిపోయింది.

"ఏందమ్మా గిది? పిల్లను అత్తారింటికి తోల్తాన్రా, కాష్టం మీదికెక్కిస్తాన్రా?"

సేటు ముఖం మాడిపోయింది. కట్టెముక్కకు పసుపుబట్ట చుట్టించి అక్కడికక్కడే గొట్టంలో కొట్టించాడు.

"అది ఇంజను ఊపిరి గొట్టం సేటూ. ఊరేగింపు కాంగనే తీసేస్త," అన్నాడు బావ.

"తీసినవంటే నీ సంగతి చూస్త. అపశకునాన్ని మల్ల ఇంటికి తెస్తవా?"

కొద్ది రోజులకే ఇంజనాయిలు తగ్గసాగింది. లోపల చిక్కిన వాయువు నూనెను అతుకు అతుకు నుంచీ బయటికి నెడుతోంది. బావ బండి కింద కారిన నూనె చూపించి, బిరడా సంగతి మళ్లీ చెప్పాడు. సేటు నవ్వాడు.

"బట్టముక్క నూనె తాగుతదారా? అమ్ముకున్ననని చెప్పు!"

సంత రోజు, పల్లికాయ తెచ్చిన రైతుల ముందు "ఆయిలు దొంగ" అన్నాడు. జనం నవ్వారు. అక్క బావి దగ్గరికి నీళ్లకు పోవడం మానేసింది.

చివరికి సేటే బండిని మహబూబ్‌నగర్ మెకానిక్ దగ్గరికి తెచ్చాడు. నేనప్పుడు ఆ ఊరి నుంచి పత్రికకు వార్తలు పంపేవాణ్ని. బావ కోసం నేనూ పోయాను. మెకానిక్ బండి కింద దూరి కట్టెముక్క ఊడబీకితే బుస్సుమని నూనె ఆవిరి కొట్టింది.

"సేట్ సాబ్, ముక్కు మూసి ఉరుకుమంటె మీరు ఉరుకుతరా?"

సేటు బావ వైపు తిరిగాడు. "మరి గట్టిగ చెప్పాలె గదరా!"

రెండుసార్లు చెప్పిన మనిషితో ఆ మాట! నాకు ఒళ్లు మండిపోయింది. బావ మాత్రం ఒక్కటే అడిగాడు.

"సంతల అన్నరు సేటూ. నేను దొంగను కానని సంతలనే ఒక్క మాట అనున్రి."

"నౌకరి ఉంచిన గదా, ఇంకేం గావాలె? డ్రైవరు ముంగట తలొంచాల్నా?"

తర్వాతి సంత దాకా ఆగాడు బావ. సేటు తక్కెడ దగ్గర కూర్చుని ఉంటే, పోయి కారు తాళం పల్లికాయ కుప్ప మీద పెట్టాడు.

"దొంగ చేతుల తాళం ఎందుకు సేటూ? తీసుకోన్రి."

మొదటి సంతలో నవ్విన వాళ్లెవరూ తలెత్తలేదు. సేటు తాళం జేబులో వేసుకుని, "తూకం కానియ్యున్రి," అన్నాడు.