గోరంత ముఖం

పొద్దున మా పాపను వదిలి సాయంత్రం తెచ్చుకునే ఇంటి పెద్దావిడను పిల్లలూ, మేమూ అందరం పెద్దమ్మ అనే పిలుస్తాం. రెండు గదులు, గచ్చు మీద వరసగా పరుపులు, గుమ్మం దగ్గర అరచేయంత చెప్పులు. చేర్పించిన కొత్తలో నేను గంటగంటకీ ఫోన్ చేసేవాణ్ణి. పాలు తాగిందా, ఒళ్లు వెచ్చగా లేదు కదా, ఆ దగ్గు ఎవరిది? ఒకరోజు ఆవిడ నెమ్మదిగా, "పాప పడుకుంది బాబూ. ఇక నిన్నెలా పడుకోబెట్టాలో అది చెప్పు," అంది.

పెద్దమ్మకో పద్ధతుంది. ఆ రోజు ఫోటో తీయకుండా ఏ బిడ్డనూ గడప దాటనివ్వదు. ఫోన్లో తీయదు, ఎప్పటిదో చిన్న కెమెరాతో తీస్తుంది. బిడ్డకు బడి వయసొచ్చి ఆ ఇల్లు విడిచే రోజున ఫోటోలన్నీ స్టూడియోలో సీడీకి ఎక్కించి తల్లిదండ్రుల చేతిలో పెడుతుంది. ఆ తర్వాత కెమెరా కార్డులోంచి తుడిచేస్తుంది. వెళ్లినవాళ్లను పట్టుకు కూర్చుంటే వచ్చేవాళ్లకు చోటెక్కడిది అంటుంది.

ఒక్క చిటికెనను మాత్రం తుడవలేదు.

అది అసలు పేరు కాదు. పెద్దమ్మ చిటికెన వేలు దొరికితే తప్ప ఆ పిల్ల అడుగు వేసేది కాదట. తల్లి లేదు. తండ్రి లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి. పాలుతాగే వయసులో తీసుకొచ్చి రాత్రీపగలూ ఇక్కడే ఉంచాడు. నడక, మాట, మొదటి జ్వరం అన్నీ ఈ గచ్చు మీదే. మూడో ఏడు నడుస్తుండగా అతను మళ్లీ పెళ్లి చేసుకుని కూతుర్ని తీసుకెళ్లాడు. ఎవరి బిడ్డను వాళ్లు తీసుకెళ్తే తప్పేముందని పెద్దమ్మే అంటుంది. తర్వాత వాళ్లు ఇల్లు మారారు, ఫోన్ నంబరూ మారింది. సీడీ పిల్లతోపాటే వెళ్లింది.

మధ్యాహ్నం పిల్లలంతా నిద్రపోయాక పెద్దమ్మ గోడకు చేరగిలబడి, కెమెరా వెనక అగ్గిపెట్టెంత తెర మీద చిటికెన ఫోటోలు ఒక్కొక్కటే జరుపుకుంటూ చూసుకునేది. ఇంకోచోట కూడా దాచుకోమని స్టూడియో అతను చెప్పాడట. చేతిలో ఉన్నదాన్ని ఇంకెక్కడ దాచుకోను అనుకుందట.

ఒక సాయంత్రం కెమెరా మొరాయించింది. కార్డు చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చెయ్యనా అని అడిగింది. అంటే బాగుచేయడం కాబోలనుకుని ఆవిడ సరే అని నొక్కేసింది. తల్లులు గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఫోటోలు తీయాలి. మర్నాడు మధ్యాహ్నం చూస్తే చిటికెన లేదు. ఎక్కడో లోపల ఉండే ఉంటుంది, అదే బయటికొస్తుందిలే అని ఎదురుచూసింది. ఎదురుచూస్తూ ఎప్పట్లాగే రోజూ ఫోటోలు తీస్తూ పోయింది.

ఇదంతా నాకు చెప్పింది ఆవిడ కాదు, వీధివైపు గదిలో కుట్టుమిషను తొక్కే ఆవిడ భర్త, మా అందరికీ పెద్దనాన్న. "పోయినవి నా ఫోటోలైతే ఆ పూటే మర్చిపోయేది. ఆ పిల్లవయ్యేసరికి కంచంలో చెయ్యిపెట్టి అలా కూర్చుండిపోతోంది. సైన్సు చదివావుగా, కాస్త చూడు," అన్నాడు.

సెలవురోజున లాప్‌టాప్ పట్టుకెళ్లాను. కార్డు మీద ఇంకేమీ రాయకుండా దాని పక్కనున్న చిన్న మీట జరిపి, ముందు మొత్తం కార్డుకు నకలు తీశాను. రికవరీ సాఫ్ట్‌వేర్ ఆ నకలు మీదే నడిపాను. ఫార్మాట్ చేస్తే పోయేది ఫోటోలు కాదనీ, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమేననీ చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. అంతలోనే, "మరి ఆ తర్వాత నేను తీసినవన్నీ ఎక్కడ కూర్చున్నాయి?" అని అడిగింది.

చెప్పక తప్పలేదు. పట్టిక లేకపోతే కెమెరాకు అంతా ఖాళీగానే కనిపిస్తుంది, మొదటినుంచి రాసుకుంటూ వస్తుంది. మొదట్లో ఉన్నవి చిటికెన ఫోటోలే.

దొరికినవి పేరూ తేదీ లేకుండా తెరమీదికి రాసాగాయి. ఎప్పుడో తుడిచేసిన పిల్లలు కూడా లేచివచ్చారు. వీడు అందర్నీ కరిచేవాడు, ఇది సబ్బు కొరికింది, వీళ్లమ్మ నీకన్నా భయస్తురాలు అంటూ పెద్దమ్మ ఒక్కర్నీ విడవకుండా గుర్తుపట్టింది. తుడిచేసిన వాళ్లందరూ వచ్చారు, దాచుకున్న పిల్ల రాలేదు. చిటికెన ఉండాల్సిన చోట వరసగా ఇప్పటి పిల్లలున్నారు. వాళ్లలో ఊదారంగు టోపీతో, నోట్లో వేలేసుకుని మా పాప. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"దానికి నువ్వెందుకు ముడుచుకుపోతావు బాబూ?" అంది పెద్దమ్మ. "ఎవరొచ్చినా పక్కకు జరిగి చోటిచ్చే పిల్ల అది."

చివర్లో ఒక ఫైలు మిగిలింది. రెండు ముక్కలుగా పడిన ఫైలు అది; కార్డు చివర పడిన దాని మొదలు మాత్రం బతికి, ముందువైపు పడిన మిగతా భాగం చెరిగిపోయింది. తెరిస్తే అంతా బూడిదరంగు. అయితే ఇలాంటి కెమెరాలు ప్రతి ఫోటో మొదట్లో దాని చిన్న నమూనా ఒకటి పెట్టుకుంటాయి. అది విడిగా తీసి చూశాను. బొటనవేలి గోరంత ఉంది. కిటికీ, వెలుతురు, అటు తిరగబోయి ఇటు చూసిన ఒక పిల్ల.

పెద్దమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. బాగా కనిపించాలని నేను దాన్ని పెద్దది చేశాను. కళ్లు, ముక్కు గళ్లుగళ్లుగా చెదిరిపోయాయి.

"పెద్దది చెయ్యకు. వెళ్లిపోతోంది," అంది.

గబగబా చిన్నది చేశాను. ముఖం మళ్లీ వచ్చింది. ఆ గోరంత ముఖాన్నే చాలాసేపు చూసింది. తర్వాత గచ్చు మీద కూర్చునే గాలిలోకి చెయ్యి చాచి, అరచెయ్యి బోర్లించి, "వెళ్లి నాలుగేళ్లవుతోంది. ఇప్పటికి ఇంతై ఉంటుందా?" అని అడిగింది.

ఏ వయసుకు ఎంత ఎత్తుండాలో ఆ లెక్కలు నాకు కంఠతా. ఇంకాస్త ఉంటుంది పెద్దమ్మా అన్నాను. ఆవిడ చెయ్యి పైకి జరిపింది. ఇంకాస్త అన్నాను. ఈసారి కూర్చుని ఉంటే చెయ్యి అందలేదు. మోకాలి మీద బరువు వేసి లేచి నిలబడి, ఆ ఎత్తున చెయ్యి కదలకుండా పట్టుకుంది.