పద్మగారి ఎనిమిది కోర్లు

2022 ఆగస్టు, మంగళవారం ఉదయం. విజయవాడ గవర్నర్‌పేటలోని మా కంప్యూటర్ షాపు. ఉన్నవాళ్లు: నేను, కూచిపూడి నుంచి వచ్చిన వీడియోగ్రాఫర్ శ్రీనివాస్, ఆయన భార్య పద్మ, తమ్ముడు మురళి. ఆనాటి డైరీలో ఇలాగే రాసుకున్నాను. మరుసటి ఏడాది షాపు మూసి ఇంటిపట్టున ఉండిపోయాను కాని, ఈ కేసు మాత్రం మనసులోంచి పోలేదు.

శ్రీనివాస్ షూటింగ్ చేస్తాడు, పద్మ ఎడిటింగ్ చేస్తుంది. ఊళ్లోని ఒక నాట్య పాఠశాల కార్యక్రమాలే వాళ్లకు బతుకుతెరువు. కొత్త కెమెరాతో తీసిన ఫోర్‌కే వీడియోలను పాత కంప్యూటర్ మోయలేకపోతోంది. కత్తిరించి, అతికించిన ముక్కలన్నిటినీ చివరికి ఒకే ఫైలుగా తయారుచేయడాన్ని ఎక్స్‌పోర్ట్ అంటాం. అక్కడికొచ్చేసరికి మెషీన్ సగంలో బిగుసుకుపోతోంది. బుధవారం సాయంత్రం పాఠశాలలో పిల్లల తల్లిదండ్రుల ముందు ఆ వీడియో వెయ్యాలి. ముందొకసారి ఆలస్యమైంది. ఈసారీ అలాగే అయితే ఇకమీదట అన్నీ విజయవాడ స్టూడియోవాళ్లకే ఇచ్చేస్తానని గురువుగారు తేల్చి చెప్పారట.

కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేదు. ప్రాసెసర్ ఒక్కటే మార్చాలి. అందులోనూ మురళి పేచీ.

“అన్నయ్యా, గేమింగ్‌కి లిస్టులో ఆ పక్కదే సూపర్. కోర్లు తక్కువైతే ఏం, స్పీడ్ చూడు!”

“నీ ఆటల్లో చచ్చినోళ్లు మళ్లీ లేస్తారు మరిదిగారూ. నా ఎక్స్‌పోర్టే లేవట్లేదు,” అంది పద్మ.

శ్రీనివాస్ నవ్వాడు. “మీరే చెప్పండి బాబాయిగారూ. వీళ్లిద్దరి మధ్యా నేను చెయ్యి పెట్టలేను.”

కోర్ అంటే ప్రాసెసర్‌లో పనిచేసే ఒక చెయ్యి. “ఆటకి చురుకైన చేతులు కొన్ని ఉన్నా సరిపోతాయి. ఎక్స్‌పోర్ట్ పెళ్లివంట లాంటిదమ్మా, ఎన్ని చేతులుంటే అంత త్వరగా తెములుతుంది. ఈ ఎనిమిది కోర్లది తీసుకోండి. ఇతని ఆటలూ బాగానే నడుస్తాయి,” అన్నాను.

వాళ్ల మదర్‌బోర్డు పాత రకం. దానికి సరిపడే ఎనిమిది కోర్ల ప్రాసెసర్లు మార్కెట్లో దాదాపు కనుమరుగయ్యాయి. మా వీధంతా వాకబు చేస్తే ఆ ఒక్కటే దొరికింది. బోర్డు దాన్ని గుర్తుపట్టేలా సాఫ్ట్‌వేర్ మార్చాను. ప్రాసెసర్‌ను మా షాపు బోర్డు మీద పెట్టి పరీక్షించాను. పాత ప్రాసెసర్ ఎక్స్‌చేంజ్‌లో తీసుకున్నాం. దాన్ని అప్పటికప్పుడే మరో కస్టమర్ పట్టుకెళ్లాడు.

కొత్తదాన్ని వాళ్ల కంప్యూటర్‌లో బిగించబోతుంటే పద్మ ఆపింది.

“ఇవాళ మంగళవారం కదండీ. రేపు పొద్దున పూజ చేసుకుని బిగించుకుంటాం.”

“బిగించి ఇస్తానమ్మా. స్విచ్ రేపు వేసుకోండి.”

“డబ్బాలో బిగించేస్తే దేవుడి దగ్గర ఏం పెడతామండీ?”

“బిగించడం నాకొచ్చండీ, ఎన్ని వీడియోలు చూశానో,” అన్నాడు మురళి. ఎంత చెప్పినా వినలేదు. ప్రాసెసర్‌ను పెట్టెలో పెట్టించుకుని, కొబ్బరికాయ కొనాలంటూ బస్సుకు బయల్దేరారు.

బుధవారమంతా ఫోన్ రాలేదు. పని సవ్యంగా జరిగిపోయిందనుకున్నాను.

గురువారం ఉదయం షట్టర్ ఎత్తేసరికి ముగ్గురూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పద్మ పెట్టె తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. ఆ రకం ప్రాసెసర్‌కు అడుగువైపు వెంట్రుకల్లాంటి బంగారు రంగు పిన్నులు ఒత్తుగా ఉంటాయి. ఒక్కటి వంగినా సాకెట్‌లో కూర్చోదు. ఆ పిన్నుల మధ్య పసుపు ముద్ద ఎండి గట్టిపడి ఉంది. దాని మీద కుంకుమ.

“పైనంతా బూడిదరంగు రేకు, కింద బంగారం. బంగారం ఉన్న వైపే ముఖం అనుకున్నానండీ,” అంది పద్మ.

తుడిస్తే వంగాయట. వంగినవాటిని మురళి సూదితో నిలబెట్టబోతే విరిగాయట. భూతద్దంలో చూశాను. ఒక మూల వరుసగా కొన్ని పిన్నులే లేవు. విరిగిన పిన్నులకు వారంటీ ఉండదు.

“నిన్ననే నాకు ఫోన్ చేస్తే మా మెషీన్ మీద ఎక్స్‌పోర్ట్ చేసేవాణ్ణి కదయ్యా!”

“తిడతారని చెయ్యలేదండీ. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ సాయంత్రం దాకా సూది పట్టుకునే కూర్చున్నా,” అన్నాడు మురళి నేల చూపులు చూస్తూ.

“హార్డ్ డిస్క్ తెచ్చారా? ఇప్పుడైనా చేసిస్తాను.”

“ఎవరికి చూపిద్దామండీ?” అన్నాడు శ్రీనివాస్. “రాత్రే స్టూడియోవాళ్లకి మాట ఇచ్చేశారు గురువుగారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే పెద్ద బాధ.”

చుట్టుపక్కల షాపులన్నిటికీ ఫోన్లు చేశాను. అలాంటిది ఎక్కడా లేదు. ఉన్నా కొనడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు. తక్కువ బడ్జెట్ అంటే చవకరకం వస్తువు అని ఇన్నేళ్లూ అనుకున్నాను. రెండోసారి కొనలేకపోవడం అని ఆ ఉదయం అర్థమైంది.

“కెమెరా ఇక్కడ ఎవరైనా కొంటారా అండీ?” అని అడిగింది పద్మ. శ్రీనివాస్ తల పక్కకు తిప్పుకున్నాడు. నాకు తెలిసిన ఒకతని దుకాణం చెప్పాను.

పాడైన ప్రాసెసర్‌ను చెత్తబుట్టవైపు జరపబోయాను. ఆమె చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దండీ. పూజలో పెట్టింది, తొక్కుడులో పడకూడదు. వెళ్తూ దారిలో కాలవలో కలిపేస్తాం.”

దాన్ని కొంగున ముడి వేసుకుని మెట్లు దిగింది.