సన్యాసిరావు మాస్టారి సూపు

కరెంటు వచ్చింది. పైన ఫ్యాను కీచుమంటూ కదిలింది. కింద ఇంటివాళ్ళ వంటగదిలోంచి ఆవనూనె ఘాటు మేడ మీదికి వచ్చింది. ఆగిన పని మళ్ళీ మొదలుపెట్టాను. నల్లటి తెర మీద అక్షరాలు వరసలు వరసలుగా దిగుతూ, ఒకచోట ఒక వరస ఎర్రగా పడింది. "ఎరుపు" అన్నాను, పైకే. ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, తాల్‌బగీచా పేటలోని ఈ అద్దెగదిలో నేను తప్ప ఎవరూ లేరు. నా కంపెనీ ఎక్కడో ఉంది. నాతో పనిచేసేవాళ్ళను ఫోటోల్లో తప్ప చూడలేదు. పొద్దుటి నుంచి నేను నోరు తెరిచి అన్న మొదటి మాట అదే. అలా పైకి అనడం నాకు అలవాటు చేసినవారు సన్యాసిరావు మాస్టారు.

రైల్వేలో రిటైరయ్యాక ఆయన ఇదే ఊళ్ళో, ఇందా బజారులో ఒక మందుల షాపు పైన చిన్న గది తీసుకుని, కోల్డ్ స్టోరేజీల్లో బంగాళాదుంపలు చెడిపోకుండా చలిని అదుపులో ఉంచే కంట్రోలు పెట్టెలకు ప్రోగ్రాములు రాసేవారు. మా నాన్న నిమ్‌పురా రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు కావడంతో, చదువు అవగానే నన్ను తీసుకెళ్ళి ఆయనకు అప్పజెప్పాడు. అప్పట్లో నాకు పొగరు బాగానే ఉండేది. ప్రోగ్రాములో తప్పులు పట్టడానికి మాస్టారు సొంతంగా రాసుకున్న పనిముట్టు చూసి లోపల నవ్వుకున్నాను. మౌసు లేదు, బొమ్మలు లేవు. నల్లటి తెర మీద దాని పేరు టైపు చేస్తే, పెట్టె చేసిన ప్రతి పనినీ ఒక్కో వరసగా రాసి చూపిస్తుంది. ప్రతి వరసకూ ముందు ఒక మాట ఉంటుంది: తప్పు, జాగర్త, సరే. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ పనిముట్టు పేరు సూపు. చూపు అని ఉండాలి కదా అని మొదటిరోజే దిద్దబోయాను. "నా నోట్లో ఎలాగుందో అలాగే రాసినానమ్మా" అన్నారాయన.

ఆయన చుట్టాల పెళ్ళికని టెక్కలి వెళ్ళినప్పుడు నాకు నాలుగు రోజులు చేతికి చిక్కాయి. అడక్కుండానే సూపుకి రంగులు వేశాను. తప్పుకి ఎరుపు, జాగ్రత్తకి పసుపు, సరేకి ఆకుపచ్చ. రంగే చెబుతుంటే ఇక మాటలు ఎందుకని వాటిని తీసిపారేశాను. తెర ఎంత ముచ్చటగా ఉందో! ఆయన తిరిగివచ్చి, కుర్చీ ముందుకు లాక్కుని, చాలాసేపు చూశారు. బాగుందమ్మా అన్నారు. ఆ తర్వాత నుంచి ఊరికే పిలవడం మొదలుపెట్టారు, ఈ వరస ఏటంతంది, ఆ వరస ఏటంతంది అని. నన్ను పరీక్ష చేస్తున్నారనుకుని విసుక్కునేదాన్ని. ఒక్కోరోజు చెవుల్లో పాటలు పెట్టుకుని విననట్టే కూర్చునేదాన్ని. అలాంటి ఒకరోజే ఆయన ఒక పెట్టెను బాగుందని పంపేశారు.

వారం తిరక్కుండా ఆ పెట్టె వెనక్కి వచ్చింది. కోల్డ్ స్టోరేజీ యజమాని, ఒక బెంగాలీ ఆయన, స్వయంగా మోసుకొచ్చాడు. చలి తగ్గినా గంట మోగలేదట. మనిషి వెళ్ళి చూడబట్టి సరుకు దక్కిందట. సూపు పెట్టి చూస్తే మధ్యలో ఎర్రటి వరస కొట్టొచ్చినట్టు కనబడుతోంది. నా నోరు ఆగలేదు. "ఇంత ఎర్రగా ఉంటే మీకు కనబడలేదా మాస్టారూ?" అన్నాను, ఆ పెద్దమనిషి ముందే. మాస్టారు నావైపు చూడలేదు. తప్పు నాదే దాదా, సాయంత్రానికల్లా సరిచేస్తానని బెంగాలీలో ఆయనకు చెప్పి పంపించారు.

తర్వాత కిందనుంచి టీ తెప్పించి, నా గ్లాసు నా ముందు పెట్టారు.

"నాకు ఎరుపూ పసుపూ ఒక్కలాగే అగుపిస్తాయమ్మా" అన్నారు. "నువ్వింత ముచ్చటగా సేసినావు. ఎలాగ సెప్పీది?"

కుర్రతనంలో ఆయన అసిస్టెంటు డ్రైవరట. రంగు చుక్కల పుస్తకంలో చుక్కల మధ్య దాగిన అంకెలను, అంతకుముందు పాసైనవాడి దగ్గర పేజీ వరసన బట్టీపట్టి కంటి పరీక్ష గట్టెక్కారట. ఇంజన్‌లో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే డ్రైవరూ, అసిస్టెంటూ ఇద్దరూ దాని రంగును పైకి పలకాలి. డ్రైవర్ దాదా ఎప్పుడూ ముందు పలికేవాడు. ఈయన అదే మాట తిరిగి అనేవారు. ఒకరోజు పొద్దున దాదాకు జలుబుతో గొంతు పోయింది. నువ్వే చెప్పమని సైగ చేశాడు. ఈయన పసుపు అన్నారు. దాదా అప్పటికే బ్రేకు వేస్తున్నాడు. ఎర్ర సిగ్నల్‌కి ఇవతలే బండి ఆగింది.

"దాదా ఏటీ అననేదు. అనడానికి గొంతు నేదు. నాకేసి ఒక్క సూపు సూసినాడు. మర్నాడు నానే ఎల్లి డాక్టరుకి సెప్పీసినాను."

ఇంజన్ నుంచి దింపి వర్క్‌షాపులో బల్ల ముందు కూర్చోబెట్టారట. కంప్యూటరు అక్కడే నేర్చుకున్నారు. ఆయన చెబుతున్నంతసేపూ నేను తల ఎత్తలేదు. అంత సిగ్గు నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. ఆ మధ్యాహ్నమే తీసేసిన మాటలన్నీ మళ్ళీ పెట్టాను. రంగులు చెరపబోతుంటే ఆయనే ఆపారు. "అవి ఉండనీ. నీకు అగుపిస్తాయి గదా. రంగొక్కటే సాలదు గానీ, మాట కూడా ఉండాల."

అప్పటినుంచి మా పని అలాగే సాగింది. నేను రంగు పలికేదాన్ని, ఆయన మాట పలికేవారు. ఎరుపు అంటే, తప్పు. పసుపు అంటే, జాగర్త. కింద మందుల షాపు దీదీ మేమేదో ఆట ఆడుకుంటున్నామనుకునేది. ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ ఒంటరితనం అంటే ఏమిటో నాకు తెలియదు. నాలుగేళ్ళకు ఒక వానాకాలం ఆయన జ్వరంతో పోయారు. ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.

ఇప్పటి కంపెనీలో నేను రాసే ప్రతి పనిముట్టులోనూ రంగు పక్కన మాట ఉంటుంది. రంగు ఉండగా మాట ఎందుకని ఆమధ్య ఎవరో రాసి అడిగారు. రంగు కనబడనివాళ్ళుంటారని జవాబు రాశాను. వాళ్ళు సరేనన్నారు. నా కంప్యూటర్లో మాత్రం ఇప్పటికీ సూపే ఉంది. ఇందాకటి ఎర్ర వరస ఇంకా తెర మీదే ఉంది. ఎరుపు అన్నాక, అలవాటుగా మాస్టారి మాట కోసం ఆగాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తప్పు అని కూడా నేనే పలికి, దిద్దడానికి కూర్చున్నాను.