ఆదివారం చూసిన ఇల్లు, సోమవారం ఎక్కిన బస్సు

మా చిన్నప్పుడు అద్దె ఇల్లు చూడటమంటే ఆదివారం పనే... మిగతా రోజుల్లో మగవాళ్లకు తీరిక ఉండేది కాదు. అలా ఒక ఆదివారం మా నాన్న గన్నవరంలో ఇల్లు చూసి, సాయంత్రానికి ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు.

అప్పటివరకు మేము గుడివాడ దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లం. నాన్న బియ్యం మిల్లులో ఇంజను చూసేవాడు. డెబ్బైల మధ్యలో విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని దొరికింది. దాంతో ఇల్లు మారక తప్పలేదు.

"దొడ్డి చూడాలే నువ్వు... గేదెని కట్టేసుకోవచ్చు. ఇంటి ముందే బస్సు. సీట్లో కూర్చుని వచ్చా, కాలు మీద కాలు వేసుకుని," అన్నాడు అమ్మతో.

అమ్మ ఆలోచన దొడ్డి మీద లేదు, అక్క చదువు మీద ఉంది. అక్క తొమ్మిదిలోకి వచ్చింది. లెక్కల్లో చురుకు. విజయవాడ పటమటలోని హైస్కూల్లో చదువు బాగా చెబుతారని విని, అమ్మ ముందే వెళ్లి సీటు మాట్లాడి వచ్చింది. నాయనమ్మకు ఇదేమీ నచ్చలేదు. "ఆడపిల్ల రోజూ బస్సులు పట్టుకుని చదువుకి పోయేదేంటి? ఇంక చాల్లే, మానిపించండి," అనేది. నాన్న అటూ చెప్పేవాడు కాదు, ఇటూ చెప్పేవాడు కాదు...

ఆషాఢంలో కొత్త ఇంట్లో చేరకూడదు కదా. అందుకని ఆ నెల రాకముందే హడావిడిగా సామాను తెచ్చి గన్నవరంలో దింపాం. నాయనమ్మ తన ఇనప కుంపటి వాకిట్లో పెట్టి, బొగ్గులు రాజేసి, పాలు పొంగించింది. గేదె మాత్రం ఊళ్లో పెదనాన్న దగ్గరే ఉంది, దూడతో సహా తర్వాత తోలుకొద్దామని.

సోమవారం పొద్దున్నే అమ్మ అక్కనీ, నన్నూ తీసుకుని బస్సు కోసం నిలబడింది. ఏలూరు వైపు నుంచి వచ్చిన మొదటి బస్సు ఆగకుండానే పోయింది. తర్వాతది దూరంగా ఆగి, మేము పరుగెత్తేలోపు కదిలింది. ఇంకోదానికి ఫుట్‌బోర్డు మీద మగవాళ్లు గుత్తులుగా వేలాడుతున్నారు. అక్క పుస్తకాల సంచీ నోట కరుచుకుని, కడ్డీ పట్టుకుని ఒక కాలు పెట్టింది... బస్సు కదిలింది. అమ్మ అక్క నడుం పట్టుకుని కిందికి లాగేసింది. ఇద్దరూ మట్టిలో కూలబడ్డారు.

కండక్టరు తల బయటపెట్టి, "ఆదివారం రండమ్మా... పడుకుని వెళ్లొచ్చు," అన్నాడు. బస్సులో వాళ్లంతా నవ్వారు.

ఎలాగో ఇంకో బస్సు పట్టుకుని మేము స్కూలుకి చేరేసరికి రెండో పీరియడు నడుస్తోంది. హెడ్మాస్టరు గారు మంచివారే. "రోజూ ఇలా అయితే కష్టమమ్మా. ఈ వారంలో సరిగా రావడం మొదలుపెట్టకపోతే సీటు ఆపలేను," అన్నారు.

అమ్మ అక్కను క్లాసులో కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని స్కూలు చుట్టుపక్కల వీధులన్నీ తిరిగింది. కనబడిన ప్రతి ఇంటి ముందూ ఆగి, "ఏవండీ, ఇక్కడ పోర్షన్లేమైనా ఉన్నాయా అండీ?" అని అడిగింది. చివరికి ఒకరి పెరటివైపు రెండు గదులు దొరికాయి. దొడ్డి లేదు, నలుగురితో పంచుకునే కుళాయి... కానీ స్కూలు గంట అక్కడికి వినబడుతుంది. ఆటోనగర్‌కి నాన్న సైకిలు మీద వెళ్లొచ్చు.

ఆ సాయంత్రం అమ్మ జరిగిందంతా చెబితే నాన్న తల పట్టుకున్నాడు. "ఆషాఢం వచ్చేసింది కదే. పాలు పొంగించిన ఇల్లు వదిలి ఇప్పుడు ఇంకో ఇంట్లో ఎలా చేరతాం? నెలయ్యేదాకా సీటు ఆగదు. పోనీలే, ఈ ఏటికి మానేస్తుంది. వచ్చే ఏడు చూద్దాం..."

అక్క గోడ వైపు తిరిగి కూర్చుంది. మోచేతి దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. నాయనమ్మ వక్కలు కత్తిరిస్తూ దాని వంకే చూస్తోంది.

"వచ్చే ఏడని మా నాయన కూడా అన్నాడ్రా," అంది నాయనమ్మ. "ఆ వచ్చే ఏడు నాకింతవరకూ రాలేదు."

మేమంతా ఆవిడ వైపు తిరిగాం. అడకత్తెర పక్కన పెట్టి నాన్నను అడిగింది, "పాలు దేని మీద పొంగినయ్యిరా? గోడల మీదా, కుంపటి మీదా?"

"కుంపటి మీదే."

"మరి ఆ కుంపటి పట్టుకెళ్లి పటమటలో పెట్టండి. పొయ్యి ఎక్కడుంటే ఇల్లక్కడ. మనం కొత్తింట్లో చేరట్లేదు, మన ఇల్లు మనం మోసుకెళ్తున్నాం."

"ఇది ఏ శాస్త్రంలో ఉందమ్మా?"

"నీ పెళ్లాం మట్టిలో పడి నేర్చుకున్న శాస్త్రంలో ఉంది. లే, బండి మాట్లాడు."

మర్నాడే బయలుదేరాం. బండిలో నాయనమ్మ కుంపటిని ఎవరికీ ఇవ్వలేదు, పసిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుంది. గేదె పెదనాన్న దగ్గరే ఉండిపోయింది. నాన్న దాని గురించి ఒక్కమాట అనలేదు గానీ, చాలా రోజులు బయట కొన్న పాలతో కాఫీ తాగలేదు...

అక్క ఆ స్కూల్లోనే చదివి, తర్వాత అలాంటి స్కూల్లోనే లెక్కల టీచరయింది.

ఈమధ్య మా అమ్మాయి వాళ్లకు బదిలీ అయి విజయవాడలో ఇల్లు వెతుకుతున్నారు. ఏ వేళకి ఎంత ట్రాఫిక్ ఉంటుందో ఫోనే చెప్పేస్తోంది. స్కూలు బస్సు గేటు ముందుకొస్తుంది. మంచిదే... ఇల్లు వెతకడం ఒక పూటలో తేలిపోతుంది. అమ్మలా ఎండలో వీధులు తిరిగే పని ఎవరికీ లేదు. కానీ ఒక పిల్ల చదువు కోసం ఇంట్లో అందరూ కూర్చుని, తలా ఒకటి వదులుకున్న సాయంత్రాలు కూడా ఆ తిప్పలతోపాటే వెళ్లిపోయినట్టున్నాయి.

మీ చదువు కోసం మీ ఇంట్లో ఎవరు ఏం వదులుకున్నారు? వాళ్లు మనకు చెప్పి ఉండరు... తెలిసినవాళ్లు రాయండి, చదువుకుంటాను.