చెంబుకు నేను పట్టించిన చిలుము

మేము గోపాలపట్నంలో కొత్త ఫ్లాటులోకి మారిన రోజులవి. ఫోనులో ఒక వీడియో చూసి, తళతళలాడే రాగి చెంబుకు వెనిగరూ ఉప్పూ రాసి, డబ్బాలో పెట్టి మూత బిగించి, పచ్చగా చిలుము పట్టించాను. హాల్లో బల్ల మీద పెడితే ఎక్కడో తవ్వకాల్లో దొరికినట్టే ఉంది.

ఆదివారం మా ఆఫీసువాళ్లు భోజనానికి వచ్చారు. "మావారి ముత్తాతల నాటిది" అని గొప్పగా చెప్పాను. ఒకామె ఫొటో కూడా తీసుకుంది. సరిగ్గా అప్పుడే ఎలమంచిలి నుంచి మా అత్తగారు కూరగాయల సంచితో దిగారు. చెంబును చూసి ఆగిపోయారు.

"ఇది నీ పెళ్లికి నాను కొన్న సెంబు కాదేటమ్మా? ఇంత సిలుమెక్కిపోయిందేటి?"

ఆవిడ నా మొహం చూసి, వచ్చినవాళ్ల వైపు తిరిగారు.

"మా కోడలికి డ్యూటీతో కాళీ ఉండదమ్మా. నానైనా వచ్చి తోమాల్సింది, తప్పు నాదే."

చింతపండు తీసుకుని సింకు దగ్గర నిలబడి తోమడం మొదలుపెట్టారు.

కావాలనే పట్టించానని అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ ఆ రోజు నన్ను నాలుగు మాటలని ఉంటే, ఈపాటికి మరిచిపోయేదాన్ని.