ఆగిన మగ్గం

ఎమ్మిగనూరు నేతగాళ్లింటి ర్యాపర్ అతను. ఎక్కడ కూర్చున్నా వేళ్లతో దరువేస్తూనే ఉండేవాడు. వాళ్ల నాయన మగ్గం చప్పుడును ఫోన్లో రికార్డు చేసి, దాని మీదే పాటలు కట్టి, సొంతంగా ర్యాప్ ఆల్బమ్ విడుదల చేశాడు. విమర్శకులు ఆకాశానికెత్తారు. ఆదోని టీకొట్టులో అతనికి ఒక సమీక్ష చదివి వినిపించాను: "చివరి పాట మధ్యలో మగ్గాన్ని హఠాత్తుగా ఆపేయడం అద్భుతమైన ఆలోచన." నాకూ ఆ చోటే ఇష్టం.

బల్ల మీద అతని వేళ్లు ఆగిపోయాయి.

"నేనాపలేదన్నా. ఆడ మా నాయన మగ్గం మీదనే ఒరిగిపోయినాడు. మళ్లా లేయలేదు."

"మరి దాన్ని పాటలో ఎట్ల పెట్టినావప్పా?"

"అది మా నాయన ఆఖరి నేత గదన్నా. యాడని కత్తిరించేది?"

వేళ్లు మళ్లీ దరువందుకున్నాయి. ఆ చోటికి రాగానే ఆగాయి.